పొదుపు ఎవరి ఖాతాలో?

2023 అక్టోబరు ఆఖరి శనివారం రాత్రి, న్యూజెర్సీలో తెలుగు మిత్రుల ఇంట్లో హాలోవీన్ విందు. మేం నలుగురం, అంటే నేను, నా సహచరుడు, ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, గుడ్లగూబల వేషాల్లో వెళ్లాం. పాత చీరలు, చిరిగిన చొక్కాలు, ఒక దుప్పటి ముక్కలుగా కత్తిరించి, ఈకల్లా ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టిన వేషాలవి. చేతిలో నేను చేసిన గుమ్మడికాయ బ్రెడ్డు. అందరూ మెచ్చుకున్నారు. "నలుగురికీ కలిపి ముప్ఫై రెండు డాలర్లే అయింది, అన్నీ తనే కుట్టింది" అని నా సహచరుడు గర్వంగా చెప్పాడు. "ఎంత పొదుపైన ఇల్లాలమ్మా!" అన్నారొక పెద్దాయన. నేను నవ్వాను. సంతోషంగానే నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు.

ఎందుకో చెప్పాలంటే నా చదువు గురించి చెప్పాలి. నా పీహెచ్‌డీ ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల తెలుగు స్త్రీల పత్రికల మీద. 1902లో మొదలైన 'హిందూసుందరి', 1928లో మద్రాసులో మొదలైన 'గృహలక్ష్మి' లాంటి పత్రికల పాత సంచికలు దుమ్ము దులిపి చదువుకున్నదాన్ని. ఇంటి నిర్వహణ, వంట, కుట్టుపని గురించిన రాతలు "ఆదర్శ గృహిణి"ని ఎలా తయారుచేశాయో ఒక అధ్యాయమంతా రాశాను. ఆ అధ్యాయాన్ని పుస్తకంగా మార్చి పంపమని ఒక సంపాదకురాలు నాకిచ్చిన గడువు ఆ అక్టోబరు 31. గడువు దాటిపోయింది. గుడ్లగూబలు మాత్రం సమయానికి తయారయ్యాయి!

ఇక లెక్కలోకి వద్దాం. దుకాణంలో నాలుగు వేషాలు కొంటే సుమారు 140 డాలర్లు. నేను పెట్టిన ఖర్చు 32. మిగిలింది 108 డాలర్లు. పిల్లలు పడుకున్నాక, రాత్రి పదింటి నుంచి, పదకొండు రాత్రులు కూర్చుని కుట్టాను. మొత్తం 26 గంటలు. 108ని 26తో భాగిస్తే గంటకి నాలుగు డాలర్ల పైచిలుకు. ఆ ఏడాది న్యూజెర్సీ రాష్ట్రంలో కనీస వేతనం గంటకి 14.13 డాలర్లు. ఆ లెక్కన నా 26 గంటల విలువ 367 డాలర్లు. అంటే 367 డాలర్ల శ్రమ పోసి 108 డాలర్లు "మిగిల్చాను". ఏ వ్యాపారైనా దీన్ని నష్టం అంటాడు. ఇంట్లో మాత్రం దీని పేరు పొదుపు. నా గంటల వెల సున్నా అని ముందే ఒప్పుకుంటేనే ఈ లెక్క లాభంగా కనిపిస్తుంది.

"నువ్వు ఉద్యోగం చెయ్యట్లేదు కదా, ఆ గంటలకి వేరే విలువ ఎక్కడిది?" అని మీరు అడగొచ్చు. నన్ను చాలామంది అడిగారు కూడా. నేను ఉద్యోగం చెయ్యకపోవడం కాదు, చెయ్యకూడదు. 2019లో నేను అమెరికా వెళ్లింది హెచ్-4 వీసా మీద, అంటే హెచ్-1బి ఉద్యోగి మీద "ఆధారపడిన" భార్యగా. 2015లో వచ్చిన ఒక నిబంధన హెచ్-4 మీద ఉన్న కొందరికి పని అనుమతి ఇచ్చింది. కానీ అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే. మా విషయంలో దాటలేదు. ఇద్దరు పిల్లలు, ఒక డాక్టరేట్, బయట ఒక్క గంట కూడా అమ్ముకోవడానికి వీల్లేని చేతులు. నా కాలానికి సున్నా వెల కట్టింది చట్టం. ఆ సున్నా మీద కుటుంబం పొదుపు మేడ కట్టుకుంది. ఆ మేడ చూసి అందరూ నన్ను మెచ్చుకున్నారు.

అమెరికాలో శరదృతువు వచ్చిందంటే ఈ మేడకి అలంకారాలు మొదలవుతాయి. సెప్టెంబరు నుంచే దుకాణాల ముందు గుమ్మడికాయల గుట్టలు, లోపల దాల్చినచెక్క, జాజికాయ వాసన. ఐర్లండు నుంచి వలస వచ్చినవాళ్లతో అక్కడ బలపడిన హాలోవీన్, ఇప్పుడు అక్టోబరు 31న పిల్లలందరూ వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే పండగ. మన దగ్గర గుమ్మడికాయ గుమ్మానికి పైన దిష్టికి వేలాడుతుంది, అక్కడ గుమ్మం ముందు కూర్చుంటుంది. ఏ దేశంలోనైనా దాన్ని కోసి, గింజలు తీసి, వండేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పండగ మర్నాడు ఎన్నో ఇళ్లు ఆ గుమ్మడికాయల్ని పారేస్తాయి. నాకు మనసొప్పేది కాదు. చెక్కకుండా మిగిలిన కాయల్ని ఓవెన్‌లో కాల్చి, గుజ్జు తీసి, పల్చటి గుడ్డలో వడకట్టి, కొంత బ్రెడ్డుకి, కొంత దప్పళానికి వాడేదాన్ని. డబ్బా గుజ్జు రెండు మూడు డాలర్లకే దొరుకుతుంది. నా గుజ్జుకి ఒక మధ్యాహ్నం పట్టేది.

ఈ దారిలో నాకు తోడు దొరికినావిడ లిడియా మరియా చైల్డ్. 1829లో ఆవిడ రాసిన 'ది ఫ్రూగల్ హౌస్‌వైఫ్' అమెరికా పొదుపు రాతలకి పెద్దమ్మ లాంటిది. ముప్ఫైకి పైగా ముద్రణలు పొందింది. గుమ్మడికాయ పై ఎలా చెయ్యాలో అందులో ఉంది. గుడ్డపేలికల్లాగే కాలపు తునకల్ని కూడా ఏరి దాచుకోవాలన్న బోధా ఉంది. చదువుతుంటే ఈవిడ పొద్దస్తమానం వంటింట్లోనే ఉండేదేమో అనిపిస్తుంది. నిజానికి ఆవిడ రచయిత్రి, పత్రికా సంపాదకురాలు. అప్పుల్లో మునిగిన భర్తని, ఇంటిని కలంతో పోషించింది. పొదుపు పుస్తకం రాసిందీ డబ్బు కోసమే. ఆనాటి చట్టం ప్రకారం పెళ్లైన స్త్రీ సంపాదన భర్తకే చెందేది. 1833లో ఆవిడ బానిసత్వానికి వ్యతిరేకంగా పుస్తకం రాసినప్పుడు, ఆవిడ గుమ్మడికాయ పైల్ని మెచ్చుకున్న మర్యాదస్తుల్లో చాలామంది ఆవిడ పుస్తకాలు కొనడం మానేశారు. ఇల్లాలికి హితవు చెప్పినంతసేపూ ఆవిడ అందరికీ ముద్దే. న్యాయం గురించి నోరు విప్పేసరికి చేదైపోయింది. పొదుపు నేర్పే స్త్రీకి దొరికే గౌరవానికి హద్దు ఎక్కడుందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. పొదుపు అనే మాట మన పల్లెల్లో ఎంత బరువు మోసిందో మనకి తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో స్త్రీలు అడిగింది తమ ఇంటి డబ్బు, తమ ఒంటికి రక్షణ. ఆ తర్వాత ప్రభుత్వం వాళ్లకి చూపించిన దారుల్లో ముఖ్యమైనది రోజుకి రూపాయి పొదుపు. సంఘాల వల్ల స్త్రీలకి కలిగిన మేలుని నేను కాదనను. నలుగురు కలిసి కూర్చునే చోటు దొరకడం చిన్న విషయం కాదు. కానీ రాజ్యాన్ని నిలదీసిన చేతులకి పాస్‌బుక్కు ఇచ్చి "దాచుకోండమ్మా" అన్నప్పుడు, పేదరికానికి బాధ్యత ఎవరి భుజాల మీదికి మారిందో కూడా చూడాలి కదా! 2010లో సూక్ష్మరుణాల వేధింపులతో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఆత్మహత్యలు ఆ బరువు ఎంతో చూపించాయి. నెల్లూరులో రూపాయి దాచిన ఆవిడ కష్టాన్నీ న్యూజెర్సీలో గుడ్లగూబ కుట్టిన నా కష్టాన్నీ ఒకే గాటన కట్టడం లేదు. ఆవిడది బతుకు పోరు, నాది మధ్యతరగతి మురిపెం. కానీ ఇద్దరికీ దక్కిన బిరుదు మాత్రం ఒకటే.

సరే, కుట్టడం మానేసి కొనేస్తే పోతుంది కదా అని కొందరు స్నేహితులు సలహా ఇచ్చారు. వాళ్లలో స్త్రీవాదులూ ఉన్నారు. "పీహెచ్‌డీ చేసి ఈ వంటింటి గోలేంటి?" అన్న మాటలో నా మీద ప్రేమ ఉంది, ఆ పని మీద చిన్నచూపూ ఉంది. ఆ చిన్నచూపుని నేను ఒప్పుకోను. ముప్ఫై అయిదు డాలర్లకి దొరికే వేషం అంత చవకగా ఎలా వస్తోంది? ఎక్కడో ఇంకో స్త్రీ చేతుల వెల తగ్గించడం వల్లే. 2013లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోతే, వాళ్లలో ఎక్కువమంది ప్రపంచానికి బట్టలు కుట్టే ఆడవాళ్లు. కుడితే నా శ్రమ లెక్కకి రాదు. కొంటే ఆమె శ్రమ కంటికి కనబడదు. పైగా ఒక్క రాత్రి వేసుకుని పారేసే పాలిస్టర్. పాత గుడ్డని మళ్లీ వాడటం, కాయని పారెయ్యకుండా వండటం మంచి పనులే. నా అభ్యంతరం ఆ పనుల మీద కాదు, ఆ మంచితనపు ఖర్చంతా ఒక్క మనిషి నిద్రలోంచి తీసుకోవడం మీద.

"నీకు ఇష్టమయ్యే కదా చేశావ్?" ఇది ఆఖరి అస్త్రం. అవును, ఇష్టమే. మా అమ్మ వెంకటగిరి చీర అంచు మా పాప భుజం మీద ఈకగా మారినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను. అయితే ఇష్టాన్నే కూలీగా చెల్లించడం పితృస్వామ్యానికి పాత అలవాటు. 1970లలో ఇంటిపనికి వేతనం అడిగిన సిల్వియా ఫెడెరిచీ లాంటి స్త్రీవాదులు ఎత్తి చూపింది దీన్నే. సాఫ్ట్‌వేర్ రాయడం నా సహచరుడికీ ఇష్టమే. అందుకని అతని జీతం ఎవరూ ఆపలేదు.

2024లో మేం హైదరాబాద్ తిరిగొచ్చాం. ఇక్కడ హాలోవీన్ లేకపోతేనేం, బడి నుంచి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ చీటీ వస్తుంది. "తల్లులు ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో తయారుచేయగలరు" అని ఉంటుంది అందులో. తల్లులు! భారత ప్రభుత్వం 2019లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే పురుషులు పెట్టేది 97 నిమిషాలు. ఆ చీటీ అడుగుతున్నది ఆ 299 మీద ఇంకో ముప్ఫై.

ఈ పత్రిక చదివే మనందరం రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం. అమ్మ చేతి కుట్టు, అమ్మమ్మ చేతి వంట గురించి మనం ఎన్నో కవితలూ కథలూ రాశాం. ఇక వాటి పక్కన గంటలు కూడా రాద్దాం. వంటకం రాస్తే పిండి ఎంతో, బెల్లం ఎంతో చెప్పినట్టే, ఎవరి కాలం ఎంతో, ఆ కాలంలో ఏ పని ఆగిపోయిందో చెబుదాం. ఆ లెక్క ఇంట్లో అందరి ముందూ పెడదాం. పొదుపు కుటుంబానిది అయితే సూదీ దారం కూడా కుటుంబానివే కావాలి.

మొన్న చీటీ వచ్చినప్పుడు నేను దాని వెనకాలే రాసి నా సహచరుడికి ఇచ్చాను: "ఈసారి తొమ్మిది గంటలు నీవి." అతను మొదట నవ్వాడు. తర్వాత సూదిలో దారం ఎక్కించడం నేర్పమన్నాడు. అది యూట్యూబ్‌లో చూసుకొమ్మని చెప్పి, తలుపు వేసుకుని నా పుస్తకం రెండో అధ్యాయం తెరిచాను.