స్కాలర్‌షిప్‌లో ఫిజిక్స్ పిల్లలకూ చోటివ్వాలి



మన స్కాలర్‌షిప్ ప్రతి ఏడూ కంప్యూటర్ సైన్సు పిల్లలకే పోతోంది. బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లు అడిగితే "ఉద్యోగం ఎక్కడ వస్తుంది?" అంటున్నాం. ఇది సరికాదని నా అభిప్రాయం.

ఇవాళ ఏఐ పని ఒక్క చిప్పుతో అయ్యేది కాదు. వేల చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ చేయాలి. డేటా వేగం పెరిగేకొద్దీ రాగి తీగలో సిగ్నల్ నీరసించిపోతుంది. రెండు మూడు మీటర్లు దాటడమే కష్టం. అందుకే గాజు పోగులో వెలుగును పంపుతున్నారు. వెలుగు ముందు చేరుతుందని కాదు, రాగిలోనూ సుమారు అదే వేగం. వెలుగు దూరం పోయినా అంతగా నీరసించదు. ఒకే పోగులో రంగుకో వరుస డేటా పోతుంది. అదీ లాభం.

గూగుల్ వాళ్ల టీపీయూ వీ4లో 4096 చిప్పులు. 64 చిప్పుల గుంపు లోపల రాగి తీగలే. గుంపుకూ గుంపుకూ మధ్య వెలుగు. చిన్న చిన్న అద్దాలు కదిలి దారి మళ్లిస్తాయి, మన రైల్వే పాయింట్లలాగా! 2025లో ఎన్విడియా, వెలుగు పరికరాలను స్విచ్ చిప్పు పక్కనే అమర్చే పద్ధతి ప్రకటించింది.

ఇదంతా కోడింగ్ ఒక్కటే తెలిస్తే జరిగేది కాదు. మూలం ఫిజిక్సే. మన చెన్నైలోనే ఐఐటీ మద్రాసులో సిలికాన్ ఫోటోనిక్స్ కేంద్రం ఉంది. తమిళ మీడియంలో చదివి రైల్వే గుమాస్తాగా రిటైరైన నాకే ఇంత అర్థమైతే, మన పిల్లలకు ఎంత అర్థం కావాలి?

ఈ ఏడు రెండు స్కాలర్‌షిప్‌లైనా ఫిజిక్స్‌కు కేటాయించాలి. జనరల్ బాడీలో ఈ మాట పెడతాను. ఒప్పుకోనివాళ్లు అక్కడే నిలదీయండి, జవాబు చెబుతాను.