పెరట్లో ముంగిసకు చోటివ్వాలి
ఏర్గట్ల 2016లో మండల కేంద్రమైంది. మన ఊళ్ళన్నిట్లాగే ఇక్కడా పెంకుటిళ్ళ చోట స్లాబులు లేస్తున్నాయి, పెరట్లో మట్టి కనబడకుండా సిమెంటు పరుస్తున్నారు. ఆ తర్వాత పందికొక్కులు పునాదులు తవ్వేస్తున్నాయని మొత్తుకుంటున్నారు. వాటి పిల్లల్ని పట్టి తినే ముంగిసకు దూరే సందే లేకపోతే ఎలా? దాన్ని రప్పించడానికి ఖర్చేమీ లేదు. పెరట్లో ఓ మూల నాలుగు బండరాళ్ళు, ఎండుకొమ్మలు కుప్పపోసి చుట్టూ గడ్డి పెరగనివ్వండి. ప్రహరీ అడుగున జానెడు సందు వదలండి. బొరియల్లో, పొదల్లో తలదాచుకునే ముంగిస అలాంటి మరుగునే వెతుక్కుంటుంది. గోడవారగా వచ్చి, వెనక కాళ్ళ మీద నిలబడి నలుదిక్కులా చూసి, ముందరి గోళ్ళతో మట్టి గీరి పురుగుల్ని ఏరుకుంటుంది. ఎలుకలు, తేళ్ళు, పాములు కూడా దాని ఆహారమే. అన్నం, గుడ్లు పెట్టి మచ్చిక చేయొద్దు. దాని తిండి అది వేటాడుకోవాలి. అది పగలే తిరుగుతుంది కనుక కోడిపిల్లల్ని గంప కింద మూయండి. అన్నిటికన్నా ముందు ఎలుకల మందు మానాలి: బ్రోమాడియొలోన్ మింగిన ఎలుకను తింటే ఆ విషం ముంగిసకూ ఎక్కుతుంది. రంగుల కుంచెలకు వాడే వెంట్రుకల కోసం దాన్ని చంపేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అలాంటివాళ్ళు కనబడితే అటవీశాఖకు చెప్పండి. వడ్లు, మక్కలు ఇంట్లో నిల్వచేసుకునే మనం ఆ గింజలకు కాపలా కాసే జీవికి గజం జాగా ఇచ్చి తీరాలి.