డయ్యూకు ఎమ్మెల్యే ఎందుకు ఉండకూడదు?

సూరత్‌లో ఉంటూ పాలిటీ చదువుతున్న నాకు, గుజరాత్ తీరాన్నే ఉన్న డయ్యూ దీవి ఒక ప్రశ్న వేసింది: జనం తక్కువైతే శాసనసభ అక్కర్లేదా?

సౌరాష్ట్ర దక్షిణ తీరం నుంచి డయ్యూను వేరు చేసేది సన్నని సముద్రపు పాయ. 1961 డిసెంబరులో పోర్చుగీసు పాలన ముగిసింది. 14వ సవరణ (1962) తెచ్చిన 239ఎ అధికరణతో గోవా, డామన్, డయ్యూకు 30 స్థానాల శాసనసభ వచ్చింది; అందులో డయ్యూకు ఒకటి. 1987 మే 30న గోవా రాష్ట్రమైంది, డయ్యూకు ఆ ఒక్క స్థానమూ పోయింది. 2020 జనవరి 26న దాద్రా నగర్ హవేలీతో కలిపినా శాసనసభ రాలేదు. మున్సిపల్ కౌన్సిల్, జిల్లా పంచాయతీ ఉన్నాయి. పరిపాలన మాత్రం కేంద్రం పంపే అడ్మినిస్ట్రేటర్‌ది.

"యాభై వేల మందికి ఎందుకు?" అంటారా? 2011 లెక్కల్లో డయ్యూ జిల్లా జనాభా 52,074. మన యానాం 55,626. యానాంకు పుదుచ్చేరి శాసనసభలో ఎమ్మెల్యే ఉన్నారు. పసిఫిక్‌లోని నియూ దీవిలో రెండు వేల మంది కూడా లేరు, 1974 నుంచి స్వపరిపాలనే.

డయ్యూకు విడిగా శాసనసభ అడగడం లేదు. విలీనమైన ప్రాంతమంతటికీ ఒకటి ఉండాలంటున్నాను. పన్ను కట్టేవాడికి ప్రశ్నించే చోటు కావాలి కదా?