సింహం కనిపించకపోతే దండగేనా?

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక్కరోజు సఫారీకి వెళ్లొచ్చినవాళ్లను ఎలా ఉందని అడిగితే ముందు లెక్క చెబుతారు. "అయిదింటిలో మూడు చూశామండీ. సింహం మాత్రం పడలేదు. ఆ గైడ్‌కి పెద్దగా తెలిసినట్టు లేదు." ఏనుగు, సింహం, చిరుత, ఖడ్గమృగం, అడవిదున్న కనిపిస్తే డబ్బు గిట్టినట్టు, లేకపోతే దండగ. కాలినడకన వేటాడేటప్పుడు ప్రాణాలమీదికి తెచ్చే జంతువులని పాతకాలపు వేటగాళ్లు రాసుకున్న జాబితా ఇది. దాన్ని పట్టుకుని అడవినీ గైడ్‌నీ కొలవడం తప్పు. ఆ తప్పు వల్ల నష్టపోతున్నది మనం కాదు గనక అది మనకు తెలియడం లేదు.

డర్బన్‌వాళ్లు ఒక్కరోజులో వెళ్లొచ్చే పెద్ద అడవి హ్లుహ్లువే-ఇంఫొలోజి. ఉత్తరంగా మూడు గంటల దారి. తెల్లవారకముందే బయల్దేరిన బండి చెరుకు తోటల పక్కనుంచి పోతుంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి వచ్చిన కూలీలు ఈ తీరంలో చెరుకు పండించారు. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. మన యాత్రికులు ఆ దారిపొడుగునా నిద్రపోతారు. సింహం కోసం దాచుకున్న కళ్లు మరి.

1895 నుంచి రక్షిత ప్రాంతమైన ఈ అడవికి ఒక చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వంద లోపు మిగిలింది ఇక్కడే. 1960ల్లో వన్యప్రాణి సంరక్షకుడు ఇయాన్ ప్లేయర్ బృందం ఇక్కడినుంచే వాటిని పట్టి ఇతర అడవులకు పంపింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ దక్షిణాది తెల్ల ఖడ్గమృగం కనిపించినా దాని మూలం ఈ నేలే. ఈ కథకు ఇంకో వైపు కూడా ఉంది. పశువులకు రోగం తెచ్చే సెట్సీ ఈగను అరికట్టాలని 1929 తర్వాత రెండు దశాబ్దాల్లో జులూలాండ్‌లో లక్షకు పైగా అడవి జంతువులను కాల్చేశారు. ఖడ్గమృగాన్ని మినహాయించారు. జీబ్రాలూ విల్డబీస్ట్‌లూ ఆ మినహాయింపుకు నోచుకోలేదు. జాబితాలో ఉన్నది గొప్పది, లేనిది లెక్కలోకి రాదు అనే చూపు ఏం చేయగలదో ఇక్కడి నేలకు తెలుసు.

మంచి గైడ్ ఏం చేస్తాడో చూడండి. దారి పక్కన పేడకుప్ప కనిపిస్తే బండి ఆపుతాడు. అందులో ఉన్నది మెత్తగా నలిగిన గడ్డి అయితే అది తెల్ల ఖడ్గమృగానిది. కత్తెరతో ఏటవాలుగా కత్తిరించినట్టున్న పుల్లముక్కలుంటే పొదలు మేసే నల్ల ఖడ్గమృగం వచ్చి వెళ్లినట్టు. మగది అదే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి, పేడను కాళ్లతో వెనక్కి చిమ్మి, ఈ ఇలాకా తనదని చాటుకుంటుంది. ఆ మనిషి ఇదంతా చెబుతుంటే వెనక సీట్లోంచి "పేడ చూడ్డానికా ఇంత దూరం వచ్చింది? సింహం దగ్గరికి పోనీ బాబూ" అనే మాట వస్తుంది. ఏళ్ల తరబడి నేర్చిన విద్య ఆ ఒక్కమాటతో అక్కడే ఆగిపోతుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఎక్కడో సింహం కనపడిందని ఫోన్లో కబురు వస్తే బళ్లన్నీ అటే పరుగు. వేటకు పొంచి ఉన్న జంతువు చుట్టూ ఇంజన్ల రొద. గైడ్‌కి ఇష్టం లేకపోయినా వెళ్లక తప్పదు. సాయంత్రం చేతిలో పడే టిప్పు అతని సంపాదనలో చిన్న భాగం కాదు, అది సింహాన్ని బట్టే పడుతుంది.

ఖడ్గమృగం జాడను ఇలా ఫోన్లో పంచుకోవడం ఇంకా ప్రమాదం. ఒక్క 2023లోనే ఈ అడవిలో మూడు వందలకు పైగా ఖడ్గమృగాలను వేటగాళ్లు కొమ్ముకోసం చంపారు. మరుసటి ఏడు అధికారులు బతికున్నవాటి కొమ్ములు కోయడం మొదలుపెట్టారు. కొమ్ము మన గోళ్ల లాంటి పదార్థమే, మళ్లీ పెరుగుతుంది. కోసేటప్పుడు నొప్పి ఉండదు. "కొమ్ములేని దానికి ఫొటో ఏం తీస్తాం" అని ముఖం ముడుచుకునేవాళ్లు, దాని ప్రాణం ఆ మొండి ముక్కు వల్లే నిలిచిందని గ్రహించాలి. ఫలానా చోట ఖడ్గమృగం ఉందని పక్క బండికి చెప్పకుండా, ఫోన్లో లొకేషన్ ఆపేయమని మనల్ని కోరే గైడ్‌కి పని రాదనుకుంటే అన్యాయం.

ఇంత దూరం, ఇంత ఖర్చు, జీవితంలో ఒక్కసారి, సింహాన్ని చూడాలనుకోవడం తప్పా? కాదు. కోరిక న్యాయమైనదే. హామీ అడగడమే అన్యాయం. ఈ అడవిలో సింహాలే లేకుండా పోయిన కాలముంది. 1958లో ఒక మగ సింహం తనంతట తాను నడిచొచ్చింది. తర్వాత ఆడ సింహాలను తెచ్చి వదిలారు. అలా వచ్చిన జంతువు మన టైంటేబుల్ ప్రకారం ఎలా కనిపిస్తుంది? కచ్చితంగా చూపించే చోట్లు కూడా దక్షిణాఫ్రికాలో ఉన్నాయి, కంచెల్లో సింహాలను పెంచే ఫారాలు. అక్కడ పుట్టిన కూనల్ని రోజుల్లోనే తల్లి దగ్గర్నుంచి తీసేసి, యాత్రికుల ఒళ్లో పెట్టి పాలసీసా ఇప్పిస్తారు. పెరిగాక వాటిలో ఎన్నో డబ్బు కట్టిన వేటగాడి తుపాకీకి ఎర అవుతాయి. ఎముకలు ఆగ్నేయాసియాకు పోతాయి. ఈ పెంపకాన్ని ఆపేస్తామని ప్రభుత్వం 2021లో ప్రకటించింది. గిరాకీ ఉన్నంతకాలం ఆపడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ట్రిప్పు బుక్ చేసేముందు ఏజెంట్‌ను ఒక ప్రశ్న అడగండి: సింహం దగ్గర అప్పటికే బళ్లు గుమిగూడి ఉంటే మీ గైడ్ ఏం చేస్తాడు? ఆగకుండా పక్కకు పోతాడని చెబితే డబ్బు కట్టండి. "గ్యారంటీగా చూపిస్తాం సార్" అంటే ఫోన్ పెట్టేయండి. బయల్దేరేటప్పుడే టిప్పు ఎంతో నిర్ణయించుకుని కవర్లో పెట్టుకోండి. సాయంత్రం దాకా ఏం కనిపించినా, కనిపించకపోయినా ఆ కవర్ విప్పి తీయకండి.