గోదాములో ఫోను ఎవరిది?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడింది. కంపెనీలు లెక్కలు ముగించే మార్చి 31కి అప్పటికి వారం కూడా లేదు. ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే ఆడిటర్లు, వాళ్ల దగ్గర ఆర్టికల్స్ చేసే కుర్రాళ్లు గోదాములు తిరిగి సరుకు చూసుకుంటారు. ఆ ఏడు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. సరుకు వీడియో కాల్‌లోకి, వోచర్లు స్కాన్ కాపీల్లోకి మారాయి.

గుంటూరు కోల్డ్ స్టోరేజీనే తీసుకోండి. మార్చి నెలాఖరంటే మిర్చి సీజను మంచి ఊపులో ఉంటుంది. లోపల దాచిన సరుకు మీద బ్యాంకులు అప్పులిస్తాయి. ఆడిటర్ స్వయంగా వెళితే ఏ వరస చూడాలో తనే చెబుతాడు. వెనకనున్న టిక్కీని (బస్తాను) బయటికి తీయించి మార్కు రిజిస్టరుతో సరిచూస్తాడు. తేజా రకమని రాసినచోట తాలుకాయలు లేవు కదా అని ఒకటి విప్పిస్తాడు. అడక్కుండానే అసలు సంగతి చెప్పే హమాలీ కూడా ఒకడు తగులుతాడు. వీడియో కాల్‌లోనైతే ఫోను గుమాస్తా చేతిలో ఉంటుంది. ముందు వరస చూపిస్తాడు. ఇంకొంచెం లోపలికి వెళ్లమంటే సిగ్నల్ లేదంటాడు. నిజంగానే లేకపోవచ్చు కూడా.

అలాగని తప్పంతా దూరానిదే అనలేం. సత్యం కంప్యూటర్స్ హైదరాబాద్ కంపెనీ, దాని ఆడిటర్లూ ఆ ఊళ్లోనే ఉన్నారు. అప్పుడు ఏ మహమ్మారీ లేదు. అయినా 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ లేఖ రాసేదాకా 5,040 కోట్ల రూపాయల లేని నగదు, బ్యాంకు నిల్వలు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. బ్యాంకుల నుంచి నేరుగా తెప్పించుకోవలసిన నిర్ధారణ పత్రాలను ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తేల్చింది. కవరు క్లయింటు చేతుల మీదుగా వస్తే పక్కవీధి బ్యాంకూ పరదేశమే.

కరోనా వేళ దారి లేకపోలేదు. ఆడిటింగ్ ప్రమాణం ఎస్ఏ 501 ప్రకారం సరుకును తర్వాతెప్పుడైనా లెక్కపెట్టి, మధ్యలో వచ్చినదీ వెళ్లినదీ సవరించుకుని మార్చి 31 నిల్వ తేల్చవచ్చు. వార్షిక సమావేశాల గడువునూ ఆ ఏడు డిసెంబరు 31 దాకా పొడిగించారు. తొందరపడి సంతకం చేసినవాళ్లు నెపం వైరస్ మీద పెట్టడం నాకు మింగుడుపడదు.

వీడియోతో పనైపోతుందని రుచిమరిగిన ఆడిటర్లకు ఒక్క మాట. ఫోను పట్టుకునే మనిషిని మీరే పంపండి, ఆ ఊళ్లో సీఏలు దొరక్కపోరు. అదీ కుదరకపోతే సరుకు కళ్లారా చూడలేదని రిపోర్టులో రాసి సంతకం పెట్టండి.