అనంతగిరి గాలికి రేటున్నది.. మన కష్టానికేదీ?

పోయిన ఆదివారం పొద్దుగాల మా అక్క కొడుకు ఫోన్ చేసిండు. "మామా, బయానా పట్టుకొని ఇంటికొచ్చిండ్రు. ఎకరం కోటి లెక్కన 30 గుంటలు అడుగుతున్నరు. అమ్మమంటవా, వద్దంటవా?"

ఆ 30 గుంటలు వాళ్లకు మిగిలిన ఆఖరి చెల్క. అల్లునికి 25 ఏండ్లు. డిగ్రీ అయింది, గ్రూప్ 4 రాసిండు, రాలే. ఇప్పుడు వికారాబాద్ దిక్కు ఒక రిసార్టుల పని. రూములు సూపిచ్చుడు, సామాన్లు మోసుడు, గెస్టులకు నవ్వుకుంట నమస్తే పెట్టుడు. నెలకు 13 వేలు. చెల్లె పెండ్లికి తెచ్చిన అప్పు 4 లక్షలు, రెండు రూపాయల మిత్తి. అంటే నెలకు 8 వేలు మిత్తికే పోతున్నయి. ఇంక మిగిలింది 5 వేలు. అండ్ల బండి పెట్రోలుకు 2 వేలు. అక్క కైకిలికి పోతే ఇల్లు నడుస్తున్నది.

వాడు పనిచేసే కాడ శనివారం రాత్రి రూముకు 8 వేలు. రెండు రాత్రులకు గెస్టు కట్టే పైసలు వాని నెల జీతం కంటే ఎక్కువ. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయిన. "రెండు రోజులు ఆగురా" అన్న. ఆ రెండు రోజులల్ల నాకొచ్చిన ఆలోచనే ఇది. ఎందుకంటే ఈ ప్రశ్న మా అల్లుని ఒక్కనిది కాదు. చేవెళ్ల నుంచి వికారాబాద్ దాంక, ఇటు శంకర్‌పల్లి దాంక ప్రతి ఊర్ల ఒక పిలగాడు ఇదే అడుగుతున్నడు.

గాలి కోసం వచ్చుడు కొత్త కాదు

అనంతగిరికి పట్నపోళ్లు వచ్చుడు ఇయ్యాల మొదలు కాలే. నిజాం జమానలనే గుట్ట మీద టీబీ దవాఖాన కట్టిండ్రు. ఈ చెట్ల గాలికి ఊపిరితిత్తులు బాగైతయని రోగులను ఇక్కడికి పంపెటోళ్లు. అనంత పద్మనాభ స్వామి జాతరకు జనం వచ్చెటోళ్లు. మూసీ నది పుట్టేది కూడా ఈ గుట్టలల్లనే. వచ్చెటోళ్లు వచ్చేది, పోయేది. భూమి మాత్రం మనదే ఉండె.

ఇప్పుడు వచ్చేటోళ్లు రెండు తీర్లు. ఒకలు వీకెండోళ్లు. శుక్రవారం రాత్రి కార్లల్ల దిగుతరు, ఆదివారం సాయంత్రం పోతరు. కోట్‌పల్లి ప్రాజెక్టుల పడవలు ఏస్తరు, గుట్ట మీద ఫొటోలు దిగుతరు. ఇంకొకలు రిటైరయినోళ్లు. బ్యాంకుల, సర్కారు కొలువుల, సాఫ్ట్‌వేర్ కంపెనీలల్ల చేసి, పట్నంల ఫ్లాటు కిరాయికి ఇచ్చి, ఇక్కడ అరెకరమో ఎకరమో కొనుక్కొని నాలుగు మామిడి చెట్లు పెట్టుకుంటున్నరు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ముసలితనంల మంచి గాలి పీల్చుకోవాలనుకునుడు తప్పు కాదు.

అయితే ఈ ఇద్దరి పైసలు ఇక్కడ పుట్టినయి కావు. పింఛను, ఐటీ జీతం, కిరాయిలు, అన్నీ బయటియే. ఆ పైసలను సూసి ఈడ గజం రేటు పెరుగుతది, ఇంటి కిరాయి పెరుగుతది, హోటల్ల చాయ్ రేటు పెరుగుతది. మన జీతం మాత్రం ఊర్ల కైకిలి రేటు సూసి కడుతరు. ధర పట్నంది, జీతం పల్లెది. లొల్లి అంతా ఇండ్లనే ఉన్నది.

104 దినాల పంట

"రిసార్టులొస్తే కొలువులొస్తయి కదన్నా" అని తమ్ముళ్లు అంటరు. వస్తయి, కాదనను. కని ఏ కొలువు ఎవలికో సూడుండ్రి. మేనేజరు బయటోడు, పెద్ద వంటమనిషి బయటోడు, బుకింగులు సూసే ఆఫీసు పట్నంల. మనకు మిగిలేది గేటు, గడ్డి కోసుడు, గిన్నెలు, బెడ్‌షీట్లు. మన చేవెళ్ల టమాట పట్నం మార్కెటుకు పోయి, అదే రోడ్డు మీద రిసార్టు కిచెన్‌కు మళ్ల వాపసొస్తది. మనూరి రైతు కాడ నేరుగా కొనుమంటే "బిల్లు ఉండాలె, రోజూ ఒకే తీరు సరుకు రావాలె" అంటరు.

ఇంకొక లెక్క ఉన్నది. ఏడాదికి 52 వారాలు. శని, ఆదివారాలు కలిపితే 104 దినాలు. పండుగ సెలవులు కలుపుకున్నా వీకెండోళ్ల మీద బతికే పనికి నిండ గిరాకి ఉండేది ఏడాదిల మూడోవంతు దినాలే. మిగిలిన దినాలు రూములు ఖాళీ. అందుకే యజమాని మందిని తక్కువ పెట్టుకుంటడు, వారం ఆఖరుకు రోజు కూలి మీద పిలుస్తడు. మన కడుపు మాత్రం 365 దినాలు ఆకలంటది. స్కూలు ఫీజు "ఈ నెల గిరాకి లేదు" అంటే ఆగదు. మిత్తి అసలే ఆగదు.

మధ్యతరగతి అంటే ఏందో కూడా జర మాట్లాడుకుందం. ఏసీ, కారు కాదు. ఇంట్ల ఒకలు మంచాన పడితే ఇల్లు కూలకుండ ఉండుడు. పిల్లల చదువు నడువుడు. సొంత గూడు, నెలాఖరుకు రెండు వేలన్న మిగులుడు. గంతే. గా మాత్రం బతుకు రిసార్టు జీతం మీద ఇక్కడ నడుస్తదా అంటే, నేను చూసినంతల నడుస్తలేదు. నడిచే ఇండ్లల్ల ఒకలు తప్పకుండ పొద్దుగాల్ల రైలెక్కి లింగంపల్లి దిక్కు పోతున్నరు. అంటే గా ఇండ్లు కూడా పట్నం జీతం మీదనే నిలబడ్డయి.

భూమి పోతే ఏమేం పోతది

అల్లుని లెక్కకు వద్దం. 30 గుంటలకు 75 లక్షలు. ఇద్దరన్నదమ్ములు, ఒక ఆడపిల్ల. తలా 25 లక్షలు. బ్యాంకుల ఏస్తే 7 శాతం మిత్తికి ఏడాదికి లక్షా 75 వేలు, అంటే నెలకు 14,500 పైన. వినడానికి మంచిగనే ఉన్నది, పని చెయ్యకుండనే ఇంకో జీతం వచ్చినట్టు. కని పదేండ్లకు కూడా అది గంతే ఉంటది, బియ్యం ధర గంతే ఉండదు. ఇంకోటి, అవి బ్యాంకుల ఉంటే కదా? ఇల్లు కట్టుడు, కారు కొనుడు, దావతులు. మా ఊర్ల భూమి అమ్మినోళ్లల్ల పదేండ్ల తర్వాత గా పైసలు చేతుల ఉన్నోళ్లను నేను వేళ్ల మీద లెక్కపెడుత. వాళ్లల్ల ఒకాయన అమ్మిన భూమి కాడనే వాచ్‌మన్. ఆయన పెట్టిన ఏపచెట్టు కిందనే ఆయన కుర్చీ.

భూమి తోని పాసుబుక్కు పోతది. పాసుబుక్కు తోని రైతుబీమా పోతది. 18 నుంచి 59 ఏండ్ల రైతు ఏ కారణంతోని సచ్చిపోయినా ఇంటికొచ్చే 5 లక్షలు గవి. రైతు భరోసా పోతది. ఇందిరమ్మ ఇల్లు అడుగుదమంటే, మొదటి విడతల సొంత జాగ ఉన్నోళ్లకే 5 లక్షలు అన్నరు. జాగ అమ్ముకున్నోడు, గజం వేలకు వేలు పలికే ఊర్ల మళ్ల జాగ ఎట్ల కొంటడు?

ఇంకో అన్యాలం ఉన్నది. 2018ల రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి పంటకు 4 వేలు, తర్వాత 5 వేలు చేసిండ్రు. పైసలు పట్టాదారుకే. పట్నంల ఉండే ఫామ్‌హౌస్ యజమాని ఖాతాల కూడా పడ్డయి. అదే ఊర్ల కౌలుకు పట్టి కంది ఏసిన రైతుకు రూపాయి రాలే. 2025 నుంచి రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు చేసిండ్రు, సాగుచేసే భూములకే అన్నరు. మంచిదే. కని నాలుగు మామిడి చెట్లు ఉంటే సాగే అంటరా, కాదంటరా? అది ఊర్ల నిలబడి అడగాల్సింది మనమే.

వేరే కాడ గింత అల్కగ భూమి పోదు. హిమాచల్ ప్రదేశ్‌ల 1972 చట్టం 118 సెక్షన్ ఉన్నది. రైతు కానోడు అక్కడ సాగుభూమి కొనాలంటే సర్కారు పర్మిషన్ కావాలె. ఉత్తరాఖండ్‌ల 2025ల చట్టం మార్చి, 13 జిల్లాలల్ల 11 జిల్లాలల్ల బయటోళ్లు సాగుభూమి కొనకుండ ఆపిండ్రు. మన పక్క అరకుల 1/70 చట్టం ఉన్నది, గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి పోవద్దు. గా చట్టాలల్ల సందులు లేవా అంటే ఉన్నయి, బినామీలు ఉన్నరు. అయినా అడ్డు గోడ ఒకటున్నది. మన దిక్కు అదీ లేదు. పైసలున్న ఎవడైనా వచ్చి పట్టా చేయించుకోవచ్చు.

నిలబడ్డోళ్లు ఎట్ల నిలబడ్డరు?

అంతా చీకటే అని చెప్పి పోతే నేను మీకు అన్యాయం చేసినట్టే. ఇదే గాలిల, ఇదే రోడ్డు మీద మంచిగ బతుకుతున్నోళ్లు నాకు తెలుసు. ఒకడు బోరు మోటర్ల మెకానిక్. సోలార్ ప్యానెళ్ల పని కూడా నేర్చిండు, ఇప్పుడు 40 ఫామ్‌హౌస్‌ల పని వానిదే. ఒక చెల్లె నర్సింగ్ చేసి, రిటైరయిన ముసలోళ్ల ఇండ్లకు పోయి బీపీ, షుగర్ సూసుడు, ఇంజెక్షన్లు, కట్లు కట్టుడు చేస్తది. దవాఖాన డ్యూటీ కంటే మంచిగ సంపాదిస్తున్నది. ఇంకొకాయన నాలుగు బర్లతోని మొదలుపెట్టి, పాలు సీసాలల్ల పోసి ఇంటింటికి ఏస్తడు.

వీళ్లల్ల ఒకటే పోలిక కనపడ్డది. ముగ్గురూ వీకెండోళ్ల మీద ఆధారపడలే, ఇక్కడనే ఉండేటోళ్ల మీద ఆధారపడ్డరు. రిటైరయినోళ్లకు సోమవారం కూడా మోటరు కాలిపోతది, బుధవారం కూడా మోకాళ్లు నొస్తయి. అది 365 దినాల గిరాకి. రెండోది, వాళ్ల పనికి రేటు వాళ్లే చెప్తరు. మూడోది, ముగ్గురికీ ఎంతో కొంత సొంత జాగ ఉన్నది, ఇంటి కిరాయి లేదు. వికారాబాద్‌ల 2023ల సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. దాని చుట్టు ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపీ, నర్సింగ్ పనులు పెరుగుతయి. డిగ్రీ అయిపోయి నోటిఫికేషన్ కోసం ఎదురుసూసే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ దిక్కు ఒకసారి సూడుండ్రి.

కని అందరూ మెకానిక్‌లు కాలేరు, నర్సులు కాలేరు. రిసార్టుల చేసేటోళ్లు చేస్తనే ఉంటరు. వాళ్లకు హక్కు ఉన్నది. 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే కాడ, జీతం 21 వేల లోపుంటే ఈఎస్ఐ కట్టాలె. 20 మంది, అంతకంటే ఎక్కువుంటే పీఎఫ్. 2025 నవంబర్ 21 నుంచి అమల్లకొచ్చిన లేబర్ కోడ్‌ల మీద నాకు వంద కొట్లాటలున్నయి. కని అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాలె, ఓవర్‌టైంకు డబుల్ కట్టాలె అని అండ్లనే ఉన్నది. ఎంతమంది కాడ కాగితం ఉన్నది? మా అల్లుని కాడ లేదు. వాట్సాప్‌ల "రేపు రా" అన్న మెసేజే వాని అపాయింట్‌మెంట్ లెటర్. ఒక్కడు అడిగితే తీసేస్తరు. పది రిసార్టులోళ్లు కలిసి అడిగితే ఎవలెవలిని తీసేస్తరు?

పంచాయతీ సంగతి కూడా ఉన్నది. 2025 డిసెంబర్ల కొత్త సర్పంచులు గెలిచిండ్రు. ఊర్ల ఎన్ని ఫామ్‌హౌస్‌లున్నయి, ఎన్నిటికి ఇంటి నంబరున్నది, ఎన్ని పన్ను కడుతున్నయి, స్విమ్మింగ్ పూల్‌కు ఎన్ని బోర్లు ఏసిండ్రు? గ్రామసభల నిలబడి గీ నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. మన రెండు రూముల ఇంటికి ముక్కుపిండి వసూలు చేసే పన్ను, పెద్ద గోడ ఉన్నోనికి ఎందుకు మాఫీ కావాలె?

అల్లునికి ఏం చెప్పిన?

"అమ్మకు" అని ఒక్క మాటతోని ఫోన్ పెట్టేసుడు అల్క. ఆ 8 వేల మిత్తి నేను కడుతలేను కదా. అందుకే ఇట్ల చెప్పిన. ముందుగాల మిత్తిని చంపాలె. మీ అమ్మ మహిళా సంఘంల లోను అడుగు, ఎంతొస్తే అంత రెండు రూపాయల అప్పుకు కట్టు. రోడ్డు దిక్కున్న 10 గుంటలు లీజుకు ఇయ్యి, అమ్మకు. ఏడాది దాటిన లీజంటే రిజిస్ట్రేషన్ చేయించు, ఉత్త స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకు. అడ్వాన్స్ అప్పుకే కట్టు. మిగిలిన 20 గుంటలు మీ పేరు మీదనే ఉండని. నువ్వు మోటర్ల పని నేర్చుకో, ఆ మెకానిక్‌తోని నేను మాట్లాడుత.

వాడు జరసేపు మాట్లాడలే. తర్వాత అడిగిండు: "మామా, లీజుకు తీసుకునేటోడు దొరకకపోతే?"

నా కాడ పక్కా జవాబు లేదు. బయానా పట్టుకొని వచ్చేటోళ్లు ప్రతి ఆదివారం వస్తరు, లీజు అడిగేటోళ్లు అంత తొందరగ రారు. మేమిద్దరం కలిసి దేవులాడుతున్నం. మీ ఊర్ల కూడా ఎవలన్న పిలగాడు ఇదే అడిగితే, "వద్దు" అని చెప్పి ఊకోకుండ్రి. వాని మిత్తి ఎంతనో ముందుగాల అడుగుండ్రి. మన దిక్కు భూములు రేటు సూసి పోతలేవు, మిత్తి కట్టలేక పోతున్నయి.