దీపం లబ్ధిదారులు సరే.. డ్వాక్రా అక్కలు అమ్మకందారులు అయ్యేదెప్పుడు?

విజయవాడ: గ్యాస్ కనెక్షన్ ఆడవాళ్ల పేరు మీద రావడం మనకు కొత్త కాదు. డ్వాక్రా మహిళల కోసం ఉమ్మడి ఏపీలో 'దీపం' పథకం వచ్చింది 1999లో. 2024 నవంబర్ 1న దీపం-2 మొదలైంది, ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు. పాతికేళ్లయినా వాళ్లలో ఎక్కువమంది లబ్ధిదారులే.. అమ్మేవాళ్లు కాదు.

అమ్మడం రాకనా? 2000ల మొదట్లోనే నల్గొండ జిల్లాలో హిందుస్థాన్ లీవర్ 'ప్రాజెక్ట్ శక్తి' పేరుతో పొదుపు సంఘాల మహిళలతో సబ్బులు, షాంపూలు అమ్మించింది. అది క్లిక్ అయి వేరే రాష్ట్రాలకూ వెళ్లింది.

ఇప్పుడు ఇండక్షన్ స్టవ్‌లు, సోలార్ లైట్ల వంతు. అయితే సబ్బు వేరు, స్టవ్ వేరు. సబ్బు అరిగిపోతే ఇంకోటి కొంటారు. స్టవ్ పాడైతే? కొన్నవాళ్లు కంపెనీకి ఫోన్ చేయరు, నేరుగా అమ్మిన అక్క ఇంటికే వస్తారు. దగ్గర్లో, పామర్రులోనో అవనిగడ్డలోనో రిపేర్ చేసే మనిషి లేకపోతే ఊళ్లో ఆమె మాట పోతుంది. రోజూ చూసుకునే మొహాలు కదా! పైగా స్టాక్ తెచ్చేది సంఘం లోన్‌తో. అమ్ముడుపోకపోయినా కిస్తీ ఆగదు.

కమీషన్ ఎంత అన్నది తర్వాతి మాట. మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటారా? రిపేర్ ఎవరు చేస్తారు? ఈ రెండూ కంపెనీ కాగితం మీద రాసిచ్చాకే సంఘం సంతకం పెట్టాలి.